మంచు ఇంటి మూలన నాలుగక్షరాలు

డోన్‌లో మహేశ్వరి గురించి ఎవరినడిగినా "హైస్కూలు ఆఫీసులో టీసీలు రాసిచ్చే మేడమా?" అంటారు. అంతకు మించి చెప్పడానికి ఎవరి దగ్గరా పెద్దగా ఏమీ ఉండదు. యాభై రెండేళ్ళ మనిషి. రైల్వే గేటు అవతల రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. పెళ్ళిమాట మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ ఏదో ఒకచోట ఆగిపోయింది. అందుకు ఆమె బాధపడిందా అని ఎవరూ అడగలేదు. అడిగినా ఆమెకు వెంటనే జవాబు తోచదు.

సాయంత్రం ఇంటికి వచ్చి, మొహం కడుక్కుని, కాఫీ కలుపుకుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని మ్యాటీ గుడ్డ ఒళ్ళో పరుచుకుంటుంది. చిన్న చిన్న గళ్ళుగా నేసిన ముతక గుడ్డ అది. ఒక్కో గడిలో ఒక్కో ఇంటూ గుర్తు కుట్టాలి. ముందు ఒక కాలు, దాని మీద అడ్డంగా ఇంకో కాలు. పైకాళ్ళన్నీ ఒకే వైపు వాలాలి, ఒక్కటి అటుదిటైనా బొమ్మ మీద వెలుతురు పడినప్పుడు ఆ చోటు మచ్చలా కనిపిస్తుంది. క్రాస్ స్టిచ్‌లో నేర్చుకోవలసింది ఇంతే. పక్కన గళ్ళ కాగితం మీద బొమ్మ ఉంటుంది. దాన్ని చూసి లెక్కపెట్టుకుంటూ పోవడమే. ఆకుపచ్చ పదకొండు, ముదురాకుపచ్చ నాలుగు, మళ్ళీ ఆకుపచ్చ రెండు. లెక్క నడుస్తున్నంతసేపు తలలోకి వేరే ఏదీ రాదు. అది ఆమెకు ఇష్టం. రోజు మొత్తంలో ఇది నాకు ఇష్టం అని ఆమె చెప్పగలిగేది ఆ రెండు గంటలే.

పూర్తయిన గుడ్డను చన్నీళ్ళలో జాడించి, నీడన ఆరబెట్టి, వెనకవైపు నుంచి ఇస్త్రీ చేసి, ఉరుకుందప్ప పటాల అంగడికి తీసుకుపోతుంది. ఆయన అట్ట కోసి, అద్దం తుడిచి, చెక్క పట్టీలు మూలలకు కలిపి మేకులు కొడుతుంటే ఆమె స్టూలు మీద కూర్చుని చూస్తుంది. పైన అద్దం పడగానే అంతవరకు ఒళ్ళో నలిగిన గుడ్డ ఎవరో పరాయివాళ్ళ వస్తువులా, కొత్తగా కనిపిస్తుంది. ఆ కాసేపు చాలు. తరువాత దాన్ని ఎవరికో ఒకరికి ఇచ్చేస్తుంది. లెక్కల టీచరు గృహప్రవేశానికి ఒకటి, మందుల అంగడి ఆయన కూతురికి ఒకటి. ఆమె ఇంటి గోడకు మాత్రం క్యాలెండరు ఒక్కటే. తన బొమ్మల మీద ఆమె ఎప్పుడూ పేరు కుట్టుకోలేదు.

ఈ ఏడాది ఏప్రిల్‌లో ఒక సాయంత్రం కడప నుంచి చెల్లెలు స్వర్ణలత ఫోను చేసింది.

"అక్కా, మంచు ఇంటి పటాన్ని చెదలు తినేసినాయి."

"ఎంత తినింది?"

"కింద కుడిపక్క మూలంతా పోయినాది. కంచె పోయినాది, గేటు సగం పోయినాది. నా పేరు పోయినాది."

"తక్కినవి?"

"తక్కిన ఆరూ బాగుండాయి. మంచు ఇల్లే, బాత్రూముకు ఆనుకున్న గోడకు ఉండాది గదా, చెమ్మకు పట్టింది. మా అత్త పొద్దున లేస్తానే దాని ముందర కుర్చీ ఏసుకోని కూర్చుంటాంది. నీ చేత్తో కుట్టిందే గదా, నా కండ్ల ముందర కూర్చోని బాగు చెయ్యి అంటాంది. నేను యాడ చేసేదక్కా? సూదిలో దారం ఎక్కిచ్చేది కూడా రాదు నాకు."

"కుట్టమంటే ఇన్నేండ్లూ ఏం చెప్తాంటివి?"

"కండ్లు నొప్పంటి. మెడ నొప్పంటి. పాప పుట్టినంక తీరలేదంటి. ఇంక చెప్పేదానికి నొప్పులు మిగల్లేదు."

నవ్వు రావలసిన చోటు. మహేశ్వరికి రాలేదు.

ఇరవై ఏడేళ్ళ కిందటి సంగతి అది. పిల్లను చూసుకోవడానికి వస్తున్నారంటే ముందు గది గోడలకు పిల్ల చేతి పనులన్నీ తగిలించేవాళ్ళు అప్పట్లో. "అన్నీ మా పాపే కుట్టింది" అని తల్లి అనాలి. వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళు లేచి, దగ్గరికి పోయి, వేలితో తడిమి, "మంచి ఓపిక" అనాలి. ఓపిక ఉన్న పిల్ల కాపురం చేస్తుందని లెక్క. కడప సంబంధం వాళ్ళు స్వర్ణలతను ఎవరి పెళ్ళిలోనో చూసి కోరి వస్తున్నారు. పెద్దది ఉండగా చిన్నదానికా అన్న మాట ఇంట్లో రెండు రోజులు నడిచి ఆగింది. స్వర్ణలతకు సూదీదారం పొడ గిట్టదు. మహేశ్వరి కుట్టినవి ఏడు బొమ్మలు బీరువాలో ఉన్నాయి.

"మూలన దాని పేరు కుట్టు మే. ఎవురు కుట్టిందో ఎవురికి తెలుస్తాది?" అంది వాళ్ళమ్మ.

మహేశ్వరి మూడు రోజులు కూర్చుని ఏడు బొమ్మల మూలనా మెరూన్ దారంతో నాలుగేసి అక్షరాలు కుట్టింది. ఎవరూ బలవంతపెట్టలేదు. చెల్లెలి పెళ్ళి, తన వంతు ఏదో చేస్తున్నానన్న సంబరమే ఉండిందప్పుడు. ఏడింటిలో పెద్దది మంచు ఇల్లు. స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చిన డిజైన్ల పుస్తకంలోది. కొండ కింద చిన్న ఇల్లు, పొగగొట్టం, కంచె, చుట్టూ మంచు. మంచుకు దారమే అక్కర్లేదు, తెల్లగుడ్డను అట్లాగే వదిలేస్తే చాలు. మంచు మొహం చూడని ఇంటివాళ్ళు దాన్ని మంచు మొహం చూడని ఇంకో ఇంటికి బీరువాతో పాటు లారీలో పంపించారు.

కడపలో స్వర్ణలత అత్త రామలక్ష్మమ్మ ఆ ఏడు పటాలనూ హాల్లో వరుసగా తగిలించింది. ఇంటికి ఎవరొచ్చినా, వియ్యంకులైనా, పొలం కౌలుకు చేసేవాళ్ళైనా, బీపీ చూడ్డానికి వచ్చే డాక్టరమ్మైనా సరే, ముందు ఆ గోడ దగ్గర నిలబెట్టి "మా కోడలు కుట్టింది" అని చెప్పాకనే కూర్చోమనేది. మహేశ్వరి ఏడాదికి రెండుసార్లు పోయేది, పక్కన నిలబడి వినేది. మొదటి రెండు మూడేళ్ళు ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. తరువాత అదీ పోయింది. రైలు అనౌన్సుమెంటు విన్నట్టు వినేది.

"వచ్చి బాగు చేసి పోక్కా," అంది స్వర్ణలత ఫోనులో. "నా పేరు మళ్ళా కుట్టి పో."

"వస్తాలే," అంది మహేశ్వరి.

ఫోను పెట్టేశాక కాఫీ చల్లారిపోయేదాకా అట్లాగే కూర్చుంది. కంచె కుట్టడం ఏముంది, గేటు కుట్టడం ఏముంది. కానీ ఆ పేరు? ఒకసారి కుట్టింది సరే. రెండోసారి కుట్టాలా? ఎవరో పెట్టుకున్న అర్జీని తిప్పి చూసినట్టు ఆ ప్రశ్నను అటూ ఇటూ తిప్పి చూసింది. కోపమన్నా వస్తే దారి తెలిసేది. రాలేదు.

మరుసటి రోజు కొత్త అట్ట కోయించుకోవడానికి ఉరుకుందప్ప దగ్గరికి పోయింది. సంగతి విని ఆయన నెత్తి గోక్కున్నాడు.

"చెదలు తినకుండా ఏం చేస్తాదమ్మా, మైదా గంజి పూసి అట్టకు అతికిచ్చింటి గదా అప్పట్లో. దేవుని పటాలకు అట్లనే చేస్తాంటిమి. నీది గుడ్డ అని తోచలేదు నాకు."

"గంజిలో మైలుతుత్తం కలుపుతావు గదన్నా, పురుగు పట్టకుండా?"

"కలుపుతా. ఆ పొద్దు కలిపింటినో లేదో! మీయమ్మ తలకాయ మీద కూర్చోనుండె, రేపే వస్తాండారప్పా, బిరీన కట్టియ్యి అని." అట్ట కోస్తూ కోస్తూ ఆగాడు. "అయినా మహేశ్వరమ్మా, మూలకు చెల్లెలి పేరు ఏసి తెచ్చినావే, అప్పుడే అడగల్ల అనుకుంటి. మనకెందుకులే అని ఊరుకుంటి."

"అడిగుంటే ఏం చెప్పేదాన్నో," అంది మహేశ్వరి.

"ఈసారి గంజి వద్దు. గుడ్డను అట్ట మీద లాగి, వెనకపక్క దారంతో ఇటు నుంచి అటు బిగిచ్చి కట్టు, మంచం నులక లాగినట్ల. అద్దానికీ గుడ్డకీ మధ్యన సన్న పట్టీ పెట్టిచ్చు. గాలాడుతాది."

నాలుగు రోజులు సెలవు పెట్టి, అట్ట, గుడ్డ, దారాలు, గళ్ళ నోటుపుస్తకం సంచిలో వేసుకుని కడప బస్సెక్కింది. నంద్యాల దాటాక ఎండకు కిటికీ రేకు ముట్టుకోలేనంత కాలింది. దారి పొడుగునా నాపరాళ్ళ గుట్టలు, ఎండిన కంది కట్టె. నిద్ర రాలేదు, ఆలోచనా రాలేదు.

స్వర్ణలత అప్పటికే ఉపాయం సిద్ధం చేసిపెట్టింది. అత్త మెట్లెక్కలేదు. అక్క మిద్దె మీద గదిలో తలుపేసుకుని కుట్టాలి. సాయంత్రానికి గుడ్డను తను కిందికి తీసుకుపోయి, "ఈ పొద్దు ఇంత అయ్యిందత్తా" అని చూపించాలి.

"నా ముందర కుట్టమంటే పైన గదిలో ఏందే నీకు?" అని అత్త అడిగితే, "నువ్వు చూస్తాంటే చెయ్యి వణుకుతాదత్తా" అందట.

"అది మాత్రం నిజమే చెప్పినావు," అంది మహేశ్వరి.

"ఎగతాళి చెయ్యద్దక్కా. నా బతుకు నాది."

పటం ఊడదీస్తే గంజి అట్ట బెరడులా విరిగింది. చెదలు తిన్న మేర గుడ్డ జల్లెడైంది. మహేశ్వరి కొత్త గుడ్డ ముక్కను టీ డికాషన్‌లో పాతగుడ్డ పసుపుకు సరిపోయేదాకా నానబెట్టి, ఆరబెట్టి, అడుగున పెట్టి, గడికి గడి కలిపి కుట్టింది. రెండు రోజులు కంచె కట్టెలు లేపింది. గేటు నిలబెట్టింది. పైన గది పెనంలా ఉండేది. స్వర్ణలత మజ్జిగ తెచ్చిస్తూ, గడప దగ్గరే నిలబడి, "ఎట్ల వస్తాదో నీకు, తల్లీ" అనేది. సాయంత్రం గుడ్డ తీసుకుని దిగేది. కింద నుంచి రామలక్ష్మమ్మ మెచ్చుకోలు మెట్ల మీదుగా వినిపించేది. మహేశ్వరి సూది డబ్బీలో సర్దుకుంటూ వినేది.

మూడో రోజు పొద్దున్నే కరెంటు పోయింది. లైన్ల పని, సాయంత్రందాకా రాదన్నారు. పైన గదిలో వెలుతురూ లేదు, గాలీ లేదు. పదకొండు గంటలకు మహేశ్వరికి కళ్ళు తిరిగాయి. గుడ్డ తీసుకుని కిందికి దిగి హాలు గుమ్మంలో, వెలుతురు పడే చోట కూర్చుంది. వంటింట్లో ఉన్న స్వర్ణలత చూసేలోపలే రామలక్ష్మమ్మ మంచం మీద నుంచి లేచి, చేతికర్ర పట్టుకుని వచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

"ఏం మే, నువ్వు కుడతాండావా? అది యాడ పోయె?"

స్వర్ణలత పరుగున వచ్చింది. "ఊరికే నేర్పిస్తాండా అత్తా. అక్క నేర్చుకుంటానంటే."

"మంచిదే. ఈ వయసులోనన్నా నేర్చుకుంటాంది." రామలక్ష్మమ్మ కళ్ళద్దాలు సర్దుకుని గుడ్డ మీదికి వంగింది. ఎనభై ఏళ్ళు దాటిన వేలు పాత కంచె మీద నుంచి మహేశ్వరి అప్పుడే కుడుతున్న కట్టె మీదికి నడిచింది. "చూడు, పాతకుట్టు ఎట్ల ఒత్తుగా ఉండాదో. గవ్వలు పేర్చినట్ల. నీది వదులుగా ఉండాది. మా స్వర్ణ చేతి వాటం నీకు రాలేదు మే."

మహేశ్వరి చెల్లెలి వైపు చూసింది. స్వర్ణలత కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది.

"వస్తాదిలే అత్తా," అంది. "ఇప్పుడిప్పుడే గదా."

ఇప్పుడైనా కోపం వస్తుందేమోనని మహేశ్వరి ఎదురుచూసింది. రాని బస్సు కోసం చూసినట్టు కాసేపు చూసి, గుడ్డ వైపు తిరిగింది. ముసలామె చెప్పింది నిజమే. పాతకుట్టు గట్టిగా, ఒక్క తీరుగా ఉంది. ఇరవై ఐదేళ్ళ పిల్ల చేతిపని. కళ్ళు బాగుండి, ఏ దారాన్ని ఎంత లాగాలో తెలిసి, ఒక్క కాలు కూడా తప్పు వాలనివ్వని పిల్ల. ఆ పిల్ల తనలాగా కాక ఎవరో ఈ ఇంటి మనిషిలాగే అనిపించింది. స్వర్ణే కుట్టిందేమో అని ఒక్క క్షణం తనకే అనిపించింది. అప్పుడు మాత్రం సూది ఆపి తన చేతి వైపు ఒకసారి చూసుకుంది.

కంచె చివరి కట్టె అయిపోయింది. మూలన చారెడు చోటు ఖాళీగా మిగిలింది.

"పేరు కూడా కుట్టేస్తే అయిపోతాది," అంది రామలక్ష్మమ్మ. "రేపు పటం కట్టిస్తాం."

మహేశ్వరి మెరూన్ దారం తెంపి, రెండు పోగులు విడదీసి, సూదిలో ఎక్కించింది. ఎక్కించిన సూదిని చెల్లెలి వైపు చాచింది.

"పేరు నేను కుట్టగూడదు గదత్తా. ఎవురి పని వాళ్ళే పేరు ఏసుకోవాల. రా స్వర్ణా, కూర్చో."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఆఫీసులో పిల్లల తండ్రులకు రిజిస్టరు తిప్పి "ఈడ సంతకం పెట్టండి" అని చెప్పే గొంతే అది.

"నాకు... పొయ్యి మీద పప్పు ఉండాదక్కా."

"పప్పు యాడికీ పోదులే," అంది రామలక్ష్మమ్మ. "కూర్చోని నాలుగక్షరాలు కుట్టు. చూసి ఎన్నేండ్లాయె నీ చెయ్యి."

"కండ్లు కనపడవత్తా."

"నా కండ్లద్దాలు పెట్టుకో, ఇదో."

స్వర్ణలత కూర్చుంది. కళ్ళద్దాలు పెట్టుకుంది. సూదిని పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుని గుడ్డలోకి దించింది. మూడు గళ్ళు దాటి ఎక్కడో పైకి వచ్చింది. లాగితే దారం మొత్తం ఊడి చేతికొచ్చింది, చివర ముడి లేదు. మహేశ్వరి ముడి వేసి ఇచ్చింది. మళ్ళీ గుచ్చింది. ఒక ఇంటూ పడింది, వంకరగా. పక్కన ఇంకోటి. మూడోదానికి స్వర్ణలత నుదుటి మీద చెమట పట్టింది. వీధిలో చింతపండు అమ్మేవాడు అరుచుకుంటూ పోయాడు. సాయం చేయడానికి మహేశ్వరి వేళ్ళు వాటంతటవే కదిలాయి, ఆమె వాటిని ఒళ్ళో పెట్టుకుంది.

కళ్ళద్దాలు లేకపోయినా రామలక్ష్మమ్మ గుడ్డకు జానెడు దూరంలోకి వంగి చూస్తోంది. "స్వర్ణా," అంది నెమ్మదిగా, "పైకాలు తప్పు పక్కకు వాలింది గదే." ముసలామె జన్మలో సూది పట్టని మనిషి. ఇరవై ఏడేళ్ళు చూసి చూసి ఏ కాలు ఎటు వాలాలో ఆమె కళ్ళకు తెలిసిపోయింది.

స్వర్ణలత చెయ్యి ఆగింది.

"ఇది ఎవురు కుట్టినారు?"

స్వర్ణలత సూదిని గుడ్డకు గుచ్చి వదిలేసింది.

"అక్క," అంది స్వర్ణలత తల ఎత్తకుండా.

"ఇదొక్కటేనా?"

"ఏడూ."

రామలక్ష్మమ్మ వెనక్కి వాలింది. గోడ మీది ఆరు పటాలనూ ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. "ఎంతమందికి చెప్పినానే నేను," అంది. "బద్వేలు వియ్యంకులకు చెప్తి. డాక్టరమ్మకు చెప్తి. పాలు పోసేవానికి గూడా చెప్తి. చచ్చిపోయిన మీ మామకు, ఆయనకు కండ్లు మసకేసినంక చెయ్యి పట్టి తడిమిచ్చి చెప్తి. అంతా అబద్ధం. నా నోటితో చెప్పిచ్చినారే."

స్వర్ణలత ఏడుపు మొదలుపెట్టింది. ముసలామె అటు చూడలేదు, మహేశ్వరి వైపు తిరిగింది.

"నువ్వన్నా చెప్పగూడదా?"

"ఎవురూ అడగలేదు గదత్తా."

"వచ్చినప్పుడల్లా పక్కన నిలబడి వింటివి గదే!"

"వింటి."

"రాయి మాదిరి."

మహేశ్వరి కింద పడిన దారం ముక్కను ఏరి డబ్బీలో వేసింది. ఇన్నాళ్ళకు బయటపడింది కదా, ఏదైనా దిగిపోయినట్టుంటుందేమో అని చూసుకుంది. దాహం వేసింది, అంతే. చెల్లెలు వెక్కుతుంటే వీపు మీద చెయ్యి వేయాలనిపించింది, వేసింది. వీపు వేడిగా, తడిగా ఉంది.

"సరే, ఏడ్చింది చాల్లే," అంది రామలక్ష్మమ్మ కొంతసేపయ్యాక. కళ్ళద్దాలు కోడలి మొహం మీద నుంచి తీసుకుని కొంగుతో తుడుచుకుంది. "దాని కుట్టు ఇప్పు. నీ పేరు కుట్టు. నా ముందరనే కుట్టాల. మిగతా ఆరూ ఒకటొకటే దింపిచ్చి పేర్లు మార్చు. మళ్ళా ఎవురన్నా వస్తే నేను ఏం చెప్పేది నేను చూసుకుంటా."

మహేశ్వరి సూది మొనతో ఆ మూడు ఇంటూలనూ ఇప్పేసింది. కొత్త గుడ్డ మీద చిన్న చిన్న తూట్లు మిగిలాయి. వేలిగోరుతో గీకితే పూడుకున్నాయి. దారం మళ్ళీ ఎక్కించింది. సూది గుచ్చబోయి ఆగింది.

చెల్లెలి పేరైతే చెయ్యి దానంతటదే కుట్టేది. 'స్వ'కు ఎన్ని గళ్ళు, 'ర్ణ' కింద ఒత్తుకు ఎన్ని వరుసలు దిగాలి, 'త'కు ఎక్కడ తిరగాలి, అన్నీ కాగితం లేకుండానే వచ్చు. తన పేరు ఎప్పుడూ గళ్ళలో వేసుకోలేదు. 'మ'కు ఎన్ని గళ్ళు పడతాయో ఆమెకు తెలియదు.

"ఏమైంది?" అంది రామలక్ష్మమ్మ.

"కొంచెం ఉండత్తా. ముందు కాగితం మీద ఏసుకోవాల."

సంచిలోంచి గళ్ళ నోటుపుస్తకం తీసి కొత్త పేజీ తిప్పింది. పెన్సిలుతో మొదటి గడి నింపింది. దాని పక్కన ఇంకోటి. 'మ' తలకట్టు మరీ వెడల్పయింది. చెరిపేసింది. స్వర్ణలత ముక్కు తుడుచుకుంటూ పక్కకు జరిగి చూస్తోంది. గడపలో ఎండ ఇంకో బండ మీదికి జరిగింది. మహేశ్వరి మళ్ళీ మొదటి గడి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.